గ్రాటెన్ మీద సాయంత్రపు కేక

రూటెనెగ్,
సెప్టెంబరు చివరి ఆదివారం

చెల్లి లిడ్వీనాకు,

క్రీస్తుకు స్తోత్రం. ఇన్నేళ్ళకి నా చేతిరాత చూసి అమ్మ సమాధి సంగతేమో అనుకుంటావు. అది కాదు. సమాధి బాగానే ఉంది, మొన్ననే కొత్త పూలు నాటాను.

మీ బావకు తెలియకుండా రాస్తున్నాను. జవాబు రాస్తే థెక్లా పెద్దమ్మ ఇంటికి రాయి. ఆవిడ ఏమిటని అడగదు, ఎవరికీ చెప్పదు.

గ్రాటెన్ కొండ మేత మీద గొర్రెలు పోయాయి. మావే కాదు, ఊరందరివీ. ఈ వేసవికి ఊరంతా కలిసి మందకు కాపరిగా మావాడినే, సిరిల్‌నే పెట్టుకున్నారు. పొగమంచు కమ్మిన రాత్రి మంద బెదిరి, తూర్పు అంచు మీంచి కింది రాళ్ళలోకి పడిపోయింది. ఒకటి పడితే వెనకవి ఆగవని నీకు తెలుసు. అరవైకి పైగా. ఇంకా ఊపిరి ఉన్నవాటి కోసం మీ బావా, సిరిలూ కత్తులు తీసుకుని కిందికి దిగారు. దాని గురించి రాయను. తర్వాత హెలికాప్టరు వచ్చి కళేబరాలను వలల్లో వేలాడదీసి తీసుకెళ్ళింది. మా వంటింటి మీదుగానే తిరిగింది. నేను కిటికీ మూసేశాను.

తోడేలు తరిమిందంటున్నారు. అంతకు కొద్దిరోజుల ముందే అటవీ శాఖ తరఫు అడవి కాపరి ఆ చుట్టుపక్కల ఒక తోడేళ్ళ జంటను చూశాడు. లోయలో కింద నిలబడి మీ బావ, "తోడేలేనా?" అని అడిగితే సిరిల్ తలూపాడట. అంతే, మాట్లాడలేదట. ఇంటికొచ్చాక కూడా మాట్లాడటం లేదు. కంచం ముందు కూర్చుంటాడు, లేస్తాడు.

నువ్వు ప్రార్థన మానేశావని తెలుసు. అయినా వాడి పేరు ఒక్కసారి తలుచుకో. వాడికి నువ్వంటే ఇష్టం.

మీ అక్క,
అగాథ


బాసెల్,
అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం కళ్ళద్దాల షాపులో చదివాను. కౌంటరు వెనక కూర్చుని ఏడుస్తుంటే ఒక ముసలాయన అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి, "నేను మళ్ళీ వస్తాలెండమ్మా" అని వెళ్ళిపోయాడు. థెక్లా పెద్దమ్మ ఇంకా ఉందన్నమాట. ఆవిడ మనిద్దరినీ కూడా మట్టిలో పెట్టి గాని పోదు.

విడాకులైన ప్రొటెస్టెంటును చేసుకున్న పాపానికి బావ నన్ను గడప తొక్కనివ్వడు సరే. నువ్వైనా ముందే రాయాల్సింది.

ఒకటి దాచకుండా చెప్తున్నాను, లేకపోతే ఎవరి నోటో విని బాధపడతావు. శనివారాలు నేను వంతెన మీద నిలబడి సంతకాలు పోగు చేస్తున్నాను. తోడేళ్ళను తేలిగ్గా చంపే వీలు లేకుండా చట్టం గట్టిపడాలని. సరిపడా సంతకాలు వస్తే దేశమంతా ఓటు వేస్తుంది. నీకు కోపం రావచ్చు. కానీ నేను గొర్రెల మధ్య పెరిగినదాన్నే, అది మర్చిపోకు.

సిరిల్ ఆ తోడేలును తన కళ్ళతో చూశాడా? తలూపడం వేరు, చూడటం వేరు. ఎవరూ తొందరపడొద్దని చెప్పు. వాణ్ణి ఒకసారి నాకు ఫోను చెయ్యమను. నేను చేస్తే ఎత్తడం లేదు.

లిడీ


రూటెనెగ్,
సకల ఆత్మల పండుగ తర్వాత

లిడీ,

సమాధుల మీద దీపాలు పెట్టి వచ్చాం. నీ తరఫున కూడా ఒకటి పెట్టాను.

మీ బావ ఊరుకోలేదు. ఏప్రిల్‌లో మైదానంలో చేతులెత్తి ఓటేసే సభకు ప్రతిపాదన పంపారు. మన కాంటన్‌లో దానికి ఒక్క మనిషి సంతకం చాలు కదా. మేత భూముల దగ్గర కనిపించిన తోడేలును ఆలస్యం లేకుండా కాల్పించాలని, అందుకు కాంటన్ ప్రభుత్వమే బాధ్యత తీసుకోవాలని. దాన్ని శుభ్రంగా రాసిపెట్టింది సిరిలే. తండ్రి చెప్తుంటే రాశాడు. పక్కనే కూర్చుని మేజోళ్ళు అల్లుతున్న నాకు వాడి చెవులు ఎర్రబడటం కనిపించింది.

అడవి కాపరి వచ్చాడు. చూసిన కళేబరాల మీద పంటిగాట్లు దొరకలేదన్నాడు. అంతకుముందు వాన పడింది, కాకులూ నక్కలూ చేరాయి, కాబట్టి తోడేలు కాదనీ చెప్పలేనన్నాడు.

"అంటే నా కొడుకు అబద్ధమాడుతున్నాడంటావా?" అన్నారు మీ బావ.

"నేనట్లా అన్లేదు ఆల్బీన్."

"మరెట్లా అన్నావు? చెప్పు. గొర్రెలు అక్కడ బతకబుద్ధికాక దూకాయా?"

అందరూ నవ్వారు. అడవి కాపరి కూడా నవ్వి టోపీ పెట్టుకున్నాడు. సిరిల్ మాత్రం పొయ్యిలో కట్టెలు సర్దుతూ ఉండిపోయాడు.

నీ సంతకాల సంగతి ఇక్కడికి పాకింది. మా ఊరి పిల్లెవరో బాసెల్‌లో చదువుతోందిలే. "మీ చెల్లెలు వంతెన మీద నిలబడి తోడేలుకి సంబంధాలు చూస్తోందట" అన్నారు మీ బావ. ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన అరవై జీవాల్లో ఎన్నిటికి తన చేత్తో పురుడు పోశారో నాకు తెలుసు.

సిరిల్‌కి నీ మాట చెప్పాను. "పిన్నికేం చెప్పకమ్మా" అన్నాడు. ఏం చెప్పకూడదని వాడి ఉద్దేశమో నాకర్థం కాలేదు.

అగాథ


బాసెల్,
జనవరి

అక్కా,

నీ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. నువ్వు రాసినదాని కన్నా రాయనిదే ఎక్కువుంది అందులో.

నాకు ఓటు గోధుమరంగు కవరులో ఇంటికొస్తుంది. వంటింట్లో కూర్చుని గీత పెట్టి డబ్బాలో వేస్తాను. నా చెయ్యి ఎవరికీ కనబడదు. నీ చెయ్యి మాత్రం గాలిలో, ఊరందరి కళ్ళ ముందు ఉంటుంది. ఇక్కడి మా స్నేహితులకు ఈ సంగతి చెప్తే ముచ్చటపడతారు. ఎంత అందమైన ఆచారమో అంటారు. వాళ్ళలో ఎవరూ పక్కింటివాడు చూస్తుండగా చెయ్యెత్తినవాళ్ళు కారు.

గుర్తుందా, ఆడవాళ్ళకు ఓటొచ్చిన మొదటి ఏడాది అమ్మ ఆ మైదానంలో నిలబడి చేతిని శాలువా కింద దాచుకుంది. మగవాళ్ళకు ఓటుహక్కు గుర్తైన కత్తి కట్టుకుని నాన్న పక్కనే ఉన్నాడు. "ఎత్తవేం?" అని నేనడిగితే "ఇంకా నాదిలా అనిపించట్లేదు" అంది. నేను నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆ సభలో ఎవరైనా వేదికెక్కి మాట్లాడొచ్చు. నువ్వు కూడా. ఆ జంటలోని ఆడతోడేలుకు వసంతంలో పిల్లలు పుడతాయి, అక్కా. జరిగింది తోడేలు వల్ల కాకపోతే, ఓటు తర్వాత దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

ఒక్కటి అడుగుతాను. రోజూ సాయంత్రం నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడి గ్రాటెన్ మీంచి కాపరి కేకేసి చెప్పే ప్రార్థన వింటావు. మంద పోయిన ఆ సాయంత్రం విన్నావా?

లిడీ


రూటెనెగ్,
విభూతి బుధవారం

లిడీ,

నుదుటి మీద విభూతితోనే రాస్తున్నాను, చెరిపేస్తే రాయలేనని భయం.

వినలేదు.

నీకు తెలియనిది కాదు. కాపరి మందను కరెంటు వల కంచెలోకి తోలి, గేటు కట్టి, ఆ తర్వాతే పాక ముందు నిలబడి కొయ్య గరాటు నోటికి పెట్టుకుని ప్రార్థన కేకేస్తాడు. కేక వినబడిందంటే మంద లోపలుందని అర్థం. సిరిల్ గొంతు నాకు ఎంత మంచులోనైనా తెలుస్తుంది. నిజానికి మంచులో ఇంకా దగ్గరగా వినిపిస్తుంది. ఆ రోజు బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టి గుమ్మంలోకి వచ్చాను. మెడలు వంచుకుని ఆవులు నిలబడి ఉన్నాయి. ఎంతసేపు నిలుచున్నా ఏమీ రాలేదు. బంగాళాదుంపలు అడుగంటాయి. వాడికి గొంతు పట్టేసిందేమో, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. తెల్లారి ఆ వార్త వచ్చింది.

వాడిని అడిగాను. గొడ్ల కొట్టంలో, ఇద్దరమే ఉన్నప్పుడు.

"సిరిల్, ఆ సాయంత్రం నువ్వు పిలవలేదు నాన్నా."

"పిలిచానమ్మా. గాలి ఇటు లేదేమో."

"ఆ రోజు అసలు గాలే లేదు."

వాడు ఆవు పొట్టకు తల ఆనించాడు. "నాన్నకి చెప్పకు" అన్నాడు. ఎక్కడికి వెళ్ళావని అడిగితే చెప్పలేదు.

పాపసంకీర్తనంలో గురువుగారికి చెప్పాను. "ఆ మాట చెప్పాల్సింది మీ అబ్బాయి, మీరు కాదు. వాడికి ధైర్యం ఇమ్మని ప్రార్థించండి" అన్నారు. ప్రార్థిస్తున్నాను. నిజం చెప్తే నా కొడుకును ఈ లోయలో ఏ ఇల్లూ పనికి పిలవదు. వాళ్ళ నాన్న ముఖం ఎత్తుకోలేరు. చెప్పకపోతే చచ్చేది ఒక జంతువు. తప్పో ఒప్పో, నేను తల్లిని, తూకం వేస్తే ఎటు మొగ్గుతుందో నీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ జంతువును చేసినవాడు కూడా దేవుడే కదా అని మోకాళ్ళ మీద ఉన్నప్పుడు అనిపిస్తోంది. అప్పుడు జపమాలలో ఏ పూస దగ్గరున్నానో మర్చిపోతున్నాను.

నువ్వెలా అడిగావు, లిడీ? కేక గురించి అడగాలని నీకెలా తోచింది?

అగాథ


బాసెల్,
మార్చి

అక్కా,

నువ్వు అడుగుతావని తెలుసు. అడగకపోతే బాగుండుననీ అనుకున్నాను.

ఆ సాయంత్రం సిరిల్ నా దగ్గరున్నాడు.

కింద స్టేషను పక్కన ఉన్న సత్రంలో రెండ్రోజులకు దిగాను. మీ ఇంటి పొగ కనిపించేంత దగ్గర. ఇంటికి రాలేను కాబట్టి వాడికి ఫోను చేసి, "ఒక్కసారి దిగి రారా, నిన్ను చూసి మూడేళ్ళయింది" అన్నాను. వాడు కుక్కను వెంటేసుకుని మధ్యాహ్నమే దిగాడు. చీకటి పడేలోగా వెళ్ళి మంద తోలుకుంటానన్నాడు. వేయించిన సాసేజీ, ఉల్లిపాయల కూర తిన్నాం. మేత పని మానేసి చర్చిలో వాయించే ఆర్గన్లు తయారుచేసేవాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలనుందని చెప్పాడు. నాన్నతో చెప్పే దారి తెలియడం లేదని ఏడ్చాడు. ఇంతలో పొగమంచు దిగింది. వాడు లేచాడు.

"కూర్చోరా. ఈ మంచులో అంచు దారిన పోతే నీ ఎముకలు ఏరుకోవాలి" అన్నాను.

"మంద బయటుంది పిన్నీ."

"ఒక్క రాత్రికి గొర్రెలకేం కాదు."

ఆ మాట నాది, అక్కా. వాడిది కాదు. తెల్లవారి వాడు పైకి వెళ్ళేసరికి ఏం చూశాడో నీకు తెలుసు. నన్ను కలవడానికి వచ్చానంటే బావ ఏం చేస్తాడో అని తలూపాడు. నాకు ఫోను చేసి ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు.

నేను ఇక్కడి ఓటరును, మీ సభలో నాకు నోరు లేదు. నువ్వైతే చెప్పగలవు. నా పేరు కూడా చెప్పు. తప్పంతా నా మీద పెట్టు, వాడికి బరువు తగ్గుతుంది.

లిడీ


రూటెనెగ్,
మట్టల ఆదివారం

లిడ్వీనా,

నా కొడుకు నీ బల్ల దగ్గర సాసేజీ తింటున్నప్పుడు నేను గుమ్మంలో నిలబడి వాడి గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఇది తెలిసి కూడా నువ్వు శనివారం శనివారం వంతెన మీద నిలబడ్డావు. దారినపోయేవాళ్ళ చేత సంతకాలు పెట్టించావు. నన్నడిగావు, విన్నావా అని. నా నోటి వెంట వస్తే నీ నోరు తెరవక్కర్లేదని.

వాడు పడిపోతాడని ఆపావు. ఆ మంచులో నేనైనా ఆపేదాన్నే. అందుకు కోపం లేదు. మిగతాదానికి ఉంది.

ఈ వారం పవిత్ర వారం. ఇంతకన్నా రాస్తే పాపం మూటగట్టుకుంటాను.

అగాథ


రూటెనెగ్,
సభ జరిగిన మర్నాడు

లిడీ,

ఇంకెవరికి చెప్పుకోను? నీకే రాస్తున్నాను.

తెల్లవారుజామున మీ బావ పెట్టె తెరిచి మామగారి కత్తి తీశారు. తనది కాదు, మామగారిది. సిరిల్ నడుముకు తనే కట్టారు. "ఈ ఏడు నువ్వు నా పక్కన నిలబడతావు" అన్నారు. బకిల్‌ను రెండుసార్లు సవరించారు. ఇంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడో గానీ చూడలేదు.

పూజ అయ్యాక బాజాలతో మైదానానికి వెళ్ళాం. అందరం మూడు వేళ్ళు ఎత్తి దేవుడి ముందు ప్రమాణం చేశాం. నేనూ చేశాను. సన్నగా వాన పడుతోంది, ఎవరూ గొడుగు తెరవలేదు.

మీ బావ వేదికెక్కారు. కాగితం తీసుకెళ్ళారు గానీ చూడలేదు. "నేను తోడేలును ద్వేషించను. నా గొర్రెల గొంతులు నా చేత్తో కోశాను, అంతే చెప్పదలిచాను" అని దిగిపోయారు. అటవీ శాఖ తరఫున ఒకాయన రుజువు లేదన్నాడు. ఎవరో ఈల వేశారు. సభాధ్యక్షుడు మందలించి, "ఇంకెవరైనా మాట్లాడదలిస్తే రావచ్చు" అన్నాడు.

నేను కదిలాను, లిడీ. నీ కోసం కాదు. ప్రమాణం చేసిన వేళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి. ఒక అడుగు వేశానో లేదో, థెక్లా పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే?"

"పైకి, పెద్దమ్మా. ఒక మాట చెప్పాలి."

"ఆ మాటేదో నాకు తెలుసులే. ఆ సాయంత్రం నేనూ గుమ్మంలోనే ఉన్నా. కోలర్ వాళ్ళూ ఉన్నారు. పాలకేంద్రం ఫ్రాంజూ ఉన్నాడు. మాకేం చెవుడా?"

నేను ఆవిడ వైపు తిరిగాను. "మరి ఇన్నాళ్ళూ ఎవరూ..."

"నీ కొడుకు కాబట్టి. మన పిల్లాడు కాబట్టి. ఊరంతా కలిసి మోస్తున్నాం, నువ్వొక్కదానివీ దించేస్తావా? నిలబడు."

అటు చూశాను. మా గుట్ట మీది ఇళ్ళవాళ్ళంతా ఒకచోటే ఉన్నారు. ఎవరూ నా వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి అందరూ కష్టపడుతున్నారని తెలిసింది.

ఇంతలో సభాధ్యక్షుడు, "ప్రతిపాదనను ఒప్పుకునేవాళ్ళు" అన్నాడు. చేతులు లేచాయి. లెక్కపెట్టే పని లేకపోయింది. సిరిల్ చెయ్యి లేవలేదు. వాడు నన్ను చూస్తున్నాడు. నేను అడుగు వెయ్యడం వాడు చూశాడు, ఆగిపోవడం కూడా చూశాడు. ఆ తర్వాతే ఎత్తాడు. అందరికన్నా ఆఖరున.

"ఒప్పుకోనివాళ్ళు" అన్నప్పుడు కొన్ని చేతులు. నాది అప్పుడూ లేవలేదు. అమ్మలాగే శాలువా కింద పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి అందరికీ సూపు వడ్డించాను.

అగాథ


బాసెల్,
జూన్

అక్కా,

పేపర్లో ఫోటో చూశాను. మగతోడేలనుకుని కాల్చారట. చనుకట్టు చూడగానే షాపులో పేపరు మడిచేశాను.

నిజం నేను పేపరుకు రాసి ఉండాల్సింది. ఏప్రిల్‌కు ముందు రెండుసార్లు రాశాను, రెండుసార్లూ చింపేశాను. సిరిల్‌కు ఇచ్చిన మాట కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నేను చెయ్యి దాచుకున్న శాలువా అది. వంతెన దగ్గరికి వెళ్ళడం మానేశాను.

వాడిని నా దగ్గరికి పంపించు. ఆర్గన్ల పనిలో చేర్పిస్తాను. నువ్వూ రా, ఉండగలిగినన్నాళ్ళు ఉండు.

లిడీ


రూటెనెగ్,
జూలై

లిడీ,

సిరిల్ రాడు. ఈ వేసవికి కూడా మందకు వాడినే పెట్టుకున్నారు. ఊరి సమావేశంలో ఇంకొకరి పేరే రాలేదు. వేరొకరిని పెడితే వాడిని తప్పుపట్టినట్టవుతుందని అందరికీ తెలుసు. మీ బావ అందరికీ సారా పోశారు. ఆర్గన్ల పని సంగతి నేనే కదిపాను. "ఇప్పుడు నేను వెళ్తే ఏమనుకుంటారమ్మా?" అన్నాడు సిరిల్.

ఆ ఆడతోడేలును కొండ మీంచి కిందికి మోసినవాళ్ళలో వాడొకడు. నలుగురు పట్టారట. "నేను పొట్ట కింద పట్టుకున్నా. చేతికి పాలంటుకున్నాయమ్మా" అన్నాడు. గొడ్ల కొట్టంలో చేతులు కడుక్కుంటూ చెప్పాడు. దాని పిల్లల్ని వెతికారు, దొరకలేదు. మగది ఎటో పోయింది.

మొన్న రొట్టె, జున్ను పట్టుకుని పైకి వెళ్ళాను. వాడు మందను తోలి గేటు కట్టాడు. ఒకటికి రెండుసార్లు చూసి కట్టాడు. పాక ముందుకొచ్చి కొయ్య గరాటు చేతిలోకి తీసుకున్నాడు. నోటి దాకా పెట్టుకున్నాడు. ఆ ప్రార్థనలో తోడేలు నోరు కట్టెయ్యమని పునీత పేతురును వేడుకునే చోటు ఉంది కదా. "అక్కడికి వచ్చేసరికి ఆగిపోతున్నానమ్మా. అది వదిలేసి మిగతాది చెప్పడం కుదరదు" అని గరాటు గోడకు తగిలించేశాడు. నేను పిలుస్తానన్నాను. "ఆడగొంతు వినబడితే కింద అందరికీ తెలుస్తుంది" అన్నాడు. వాడికి తెలియదు, లిడీ, కిందవాళ్ళకు తెలియనిదేమీ లేదని. నేను చెప్పలేదు. ఊరంతా తనని మోస్తోందని తెలిస్తే వాడు నిలబడలేడు.

ఈ వేసవిలో ఇంతవరకు గ్రాటెన్ మీంచి ఒక్క సాయంత్రం కూడా కేక రాలేదు. మంద మాత్రం క్షేమంగా ఉంది.

ఆ వేళకు మా గుట్ట మీది తలుపులన్నీ తెరుచుకుంటాయి. థెక్లా పెద్దమ్మ కర్ర పట్టుకుని వస్తుంది. కోలర్ వాళ్ళు పిల్లల్ని సద్దు చెయ్యొద్దంటారు. ఫ్రాంజు పాలడబ్బాలు దించి నిలబడతాడు. అందరూ కేక కోసం చెవి ఒగ్గుతారు. కొంతసేపయ్యాక ఒక్కొక్క తలుపే మూసుకుంటుంది.

నిన్న మీ బావ కూడా గుమ్మంలోకి వచ్చి నా పక్కన నిలుచున్నారు. కొండ వైపు చాలాసేపు చూశారు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"గాలి ఇటు లేదే, అగాథా" అన్నారు.

సిరిల్ పాకలోంచి లేచిన పొగ తిన్నగా మా ఇంటి మీదికే వస్తోంది. కట్టె వాసన కూడా తెలుస్తోంది.

"లేదండీ" అన్నాను.

మీ అక్క,
అగాథ